అంతరిక్ష నౌక బొమ్మ ఎందుకు పల్టీ కొడుతుంది? ఎగిరే నమూనా వెనక ఉన్న లెక్క

ఆగస్టు 23 దగ్గరపడిందంటే విజయవాడ, గుంటూరు బడుల్లో థర్మాకోల్ రాకెట్లు బారులు తీరుతాయి. 2023లో చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన ఆ రోజును జాతీయ అంతరిక్ష దినోత్సవంగా ప్రకటించాక ఈ సందడి మరింత పెరిగింది. వెండిరంగు పూసిన నౌకలు, అట్టతో చేసిన ల్యాండర్లు, ఎర్ర కాగితపు మంటలు బల్లల నిండా కనిపిస్తాయి. వాటిని చూడటానికి వచ్చిన చిన్నపిల్లలు అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటే: "ఇది ఎగురుతుందా?" పెద్దవాళ్లు నవ్వి ఊరుకుంటారు. ఆ ప్రదర్శన మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ ప్రశ్నే. దానికి సరైన జవాబు చెప్పాలంటే భౌతికశాస్త్రం పాఠాల్లో సగం తిరగేయాలి.

సూటిగా చెప్పాలంటే, ఆ నౌకకు ఎంత మంచి ఇంజిన్ బిగించినా, ఉన్న ఆకారంతో అది చాలావరకు తిన్నగా ఎగరదు. నేల విడిచిన మొదటి సెకనులోనే ముక్కు పక్కకు తిప్పి పల్టీ కొడుతుంది. తప్పు ఇంజిన్‌ది కాదు, ఆకారానిది.

స్క్రాచ్ బిల్డ్ అంటే ఏమిటి, ఏది కాదు

మోడల్ రాకెట్ అంటే కాగితం, తేలిక కలప, ప్లాస్టిక్ వంటి వాటితో చేసిన చిన్న రాకెట్. నిజంగా పైకి ఎగిరి, పారాచూట్‌తోనో పొడవాటి రిబ్బన్‌తోనో నెమ్మదిగా దిగి, మళ్లీ ఎగరడానికి సిద్ధంగా ఉండాలి. లోహపు గొట్టాలు ఇందులో నిషిద్ధం. పగిలితే ముక్కలు మనుషులకు తగులుతాయి.

వీటిని కిట్‌గా కొనుక్కోవచ్చు. పెట్టెలో కోసి ఉంచిన ముక్కలు ఉంటాయి, అతికించుకుంటే సరిపోతుంది. అలా కాకుండా కొలతలు మనమే గీసుకుని, అట్ట, కలప మనమే కోసి, ముక్కు మనమే చెక్కి చేసేదే స్క్రాచ్ బిల్డ్. త్రీడీ ప్రింటర్‌తో తీసిన ముక్కలు దీని కిందికి వస్తాయా అన్న వాదన ఇంకా తెగలేదు. ముక్కను కంప్యూటర్‌లో గీసింది తానే అయినప్పుడు అది తన పనే అని కొందరంటారు. చేత్తో కోసి, సాన పట్టి, తప్పు చేసి దిద్దుకోకపోతే స్క్రాచ్ ఎక్కడిదని మరికొందరంటారు. ఎగరడం వరకు చూస్తే ఈ తేడాకు అర్థం ఒక్కచోటే ఉంది: ప్రింటర్ ముక్కలు సాధారణంగా బరువెక్కువ. ఆ బరువు ఎక్కడ పడుతుందన్నదే అసలు కథ.

తారాజువ్వకు పుల్ల ఎందుకు?

దీపావళికి తారాజువ్వ వెలిగించని ఇల్లు మన ప్రాంతంలో అరుదు. దాని పుల్ల విరిగితే ఏమవుతుందో కూడా చాలామందికి అనుభవమే. పైకి పోవాల్సింది మెలికలు తిరుగుతూ ఎదురింటి వసారాలోకి దూరుతుంది. మందు అదే, గొట్టం అదే. పోయింది పుల్ల ఒక్కటే.

గాలిలో ఎగిరే దేనికైనా రెండు బిందువులు ముఖ్యం. మొదటిది గరిమనాభి. వస్తువును వేలి మీద ఆనిస్తే ఎటూ వాలకుండా నిలిచే చోటు ఇదే. గాలిలో ఆ వస్తువు తిరిగేది ఈ బిందువు చుట్టూనే. రెండోది పీడన కేంద్రం. పక్కనుంచి తాకే గాలి తోపుడంతా ఒకేచోట పనిచేస్తున్నట్టు లెక్కవేసుకునే బిందువు ఇది.

పీడన కేంద్రం వెనక, గరిమనాభి ముందు ఉన్నాయనుకోండి. రాకెట్ కొద్దిగా పక్కకు వాలగానే గాలి దాని తోకను తోసి, ముక్కును మళ్లీ దారిలో పెడుతుంది. ఈ రెండూ తారుమారైతే గాలి ముక్కునే తోస్తుంది, వాలు ఇంకా పెరుగుతుంది, పల్టీ తప్పదు. తారాజువ్వలో బరువంతా ముందున్న మందుగొట్టంలో ఉంది. పుల్ల తేలిక, కానీ పొడవు. కాబట్టి గరిమనాభిని కొంచెమే వెనక్కి లాగి, పీడన కేంద్రాన్ని చాలా వెనక్కి లాగుతుంది. బాణానికి ముందు ఇనుప మొన, వెనక ఈకలు ఉండటానికి కారణమూ ఇదే.

రెండు బిందువుల మధ్య ఎంత దూరం ఉండాలి? కనీసం రాకెట్ గొట్టం అడ్డుకొలత అంత ఉండాలన్నది మోడల్ రాకెట్లు చేసేవారి నియమం. నాలుగు సెంటీమీటర్ల గొట్టమైతే నాలుగు సెంటీమీటర్లు.

శ్రీహరికోట పెద్ద రాకెట్లకు తోకరెక్కలు లేవు కదా?

లేవు, ఎందుకంటే వాటికి మెదడుంది. చంద్రయాన్-3ను మోసిన ఎల్‌వీఎం3నే చూడండి. పక్కనున్న రెండు ఘన ఇంధన బూస్టర్ల నాజిల్ (మంట బయటికి వచ్చే మూతి) వంగుతుంది. మధ్యలోని రెండు వికాస్ ఇంజిన్లు కూడా దిశ మార్చుకోగలవు. రాకెట్ వాలు తీసుకున్న క్షణంలోనే కంప్యూటర్ దాన్ని పసిగట్టి, మంటను అటో ఇటో తిప్పి నిలబెడుతుంది. చేతి మీద కర్రను నిలబెట్టే పిల్లవాడు ఎప్పటికప్పుడు చేయి కదుపుతాడే, అలాంటి పనే. ఇక అంతరిక్ష నౌకల సంగతికి వస్తే, అవి తిరిగే చోట గాలే లేదు, రెక్క పనిచేయడానికి ఆధారమే లేదు. అందుకే వాటి ఆకారాలు గాలిని లక్ష్యపెట్టవు. కాళ్లు, పళ్లేల్లాంటి యాంటెన్నాలు, సౌర పలకలు ఎటు పడితే అటు పొడుచుకుని ఉంటాయి.

మన నమూనా మాత్రం ఎగిరేది విజయవాడ గాలిలో. ఆకారం శూన్యం కోసం పుట్టింది, ప్రయాణమేమో గాలిలో. ఈ పనిలోని కష్టమంతా ఆ పొత్తు కుదరకపోవడంలోనే ఉంది.

ఒక నౌకను లెక్కలోకి దింపుదాం

40 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న నౌక అనుకుందాం. ముందు పది సెంటీమీటర్లు మొనదేలిన ముక్కు. నడుము దాటాక చుట్టూ నాలుగు పొట్టి రెక్కలు. తోక దగ్గర ఏమీ లేదు. ఇంజిన్‌తో కలిపి 70 గ్రాములు. వేలి మీద ఆనిస్తే ముక్కు కొన నుంచి 24 సెంటీమీటర్ల దగ్గర నిలిచింది. గరిమనాభి అదే.

పీడన కేంద్రం కనుక్కోవడానికి పాతకాలపు పద్ధతి ఒకటుంది. నౌకను పక్కనుంచి చూస్తే కనబడే నీడ ఆకారాన్ని అట్టలో కత్తిరించి, ఆ అట్టను వేలి మీద ఆనించాలి. అది నిలిచిన చోటే పీడన కేంద్రం అనుకోవాలి. మన నౌక అట్ట 22 సెంటీమీటర్ల దగ్గర నిలుస్తుంది. గరిమనాభి 24 దగ్గర ఉంది కాబట్టి అది వెనకబడింది. పల్టీ ఖాయం.

విరుగుడు ఒకటి, ముక్కులో బరువు పెట్టడం. గరిమనాభి 22 కన్నా 4 ముందుకు, అంటే 18కి రావాలి. కొన నుంచి 3 సెంటీమీటర్ల దగ్గర మట్టి ముద్ద పెడితే ఎంత కావాలి? 70ని 24తో హెచ్చిస్తే 1680. దానికి ముద్ద బరువును 3తో హెచ్చించి కలిపి, మొత్తం బరువుతో భాగిస్తే 18 రావాలి. జవాబు 28 గ్రాములు. నౌక 98 గ్రాములకు చేరింది.

రెండో విరుగుడు తోక చివర పారదర్శక ప్లాస్టిక్‌తో నాలుగు తోకరెక్కలు. మొత్తం 8 గ్రాములు. ఒక్కొక్కటి 17.5 చదరపు సెంటీమీటర్లు. అట్టలో వీటిని కలిపి మళ్లీ ఆనిస్తే పీడన కేంద్రం 24.5కు జరుగుతుంది. కానీ ఆ 8 గ్రాములు తోకలో పడ్డాయి కాబట్టి గరిమనాభి కూడా 25.3కు వెనక్కి పోయింది. దాన్ని 20.5కు తేవాలంటే ముక్కులో ఇంకా 22 గ్రాములు పెట్టాలి. మొత్తం 100 గ్రాములు! రెక్కలు పెట్టి లాభమేమీ లేదన్నమాట.

చాలామంది ఇక్కడే ఆగి, తోకరెక్కలు దండగ అని తీర్మానిస్తారు. అది తొందరపాటు. అట్ట పద్ధతి గాలి నేరుగా పక్కనుంచి, తొంభై డిగ్రీల కోణంలో కొడుతున్నట్టు లెక్క వేస్తుంది. నిజంగా ఎగిరే రాకెట్‌కు గాలి దాదాపు ముక్కుకు ఎదురుగా వస్తుంది, వాలు కొద్ది డిగ్రీలే ఉంటుంది. అలాంటప్పుడు గుండ్రటి గొట్టం పక్క తోపుడును పెద్దగా పుట్టించదు, గాలి దాన్ని చుట్టుకుని జారిపోతుంది. పలుచటి తోకరెక్క మాత్రం విమానం రెక్కలా బలంగా తోస్తుంది. ఈ చిన్న కోణాల లెక్కను మోడల్ రాకెట్లవారికి అందించినవాడు నాసా ఇంజనీరు జేమ్స్ బారోమన్, 1960లలో. ఆ సూత్రాలతో మన నౌకను చూస్తే కథ తిరగబడుతుంది. తోకరెక్కలు లేనప్పుడు పీడన కేంద్రం 19 దగ్గరే ఉంటుంది. సరిచేయడానికి ముక్కులో 50 గ్రాముల పైన కావాలి. తోకరెక్కలు పెట్టగానే అది సుమారు 30కి పోతుంది. ముక్కులో ఒక్క గ్రాము కూడా పెట్టనవసరం లేదు.

రెండు పద్ధతుల్లో ఏది నిజం? నేనైతే రెండూ నిజమేనంటాను, వేర్వేరు క్షణాలకు. రాకెట్ జారుకుంటూ బయల్దేరే నిలువు ఊచ సుమారు 90 సెంటీమీటర్లు ఉంటుంది. 78 గ్రాముల నౌకను సగటున 6 న్యూటన్ల బలం తోస్తే, ఊచ వదిలేసరికి వేగం సెకనుకు 11 మీటర్లు. అప్పుడు సెకనుకు 3 మీటర్ల పక్కగాలి ఉంటే, నౌకకు గాలి తగిలే కోణం 15 డిగ్రీలు. చిన్న కోణాల లెక్క అక్కడ పట్టు తప్పుతుంది, పీడన కేంద్రం ముందుకు జరుగుతుంది. వేగం పుంజుకున్నాక కోణం తగ్గి, బారోమన్ లెక్క మళ్లీ నిజమవుతుంది. పైగా ఆ సూత్రాలు సన్నటి, నాలుగు వైపులా సమానంగా ఉన్న రాకెట్ల కోసం రాసినవి. పళ్లేలూ పెట్టెలూ అంటించిన నౌకకు అవి ఉజ్జాయింపు మాత్రమే.

అందుకే అనుభవజ్ఞులు నడిమి దారి పడతారు. తోకరెక్కలు పెట్టి, ముక్కులో 10 గ్రాములు కలిపితే గరిమనాభి 22.8కి వస్తుంది. అట్ట చెప్పిన 24.5కు ముందే ఉంది, బారోమన్ చెప్పిన 30కి చాలా ముందే ఉంది. రెండు లెక్కల్లోనూ నౌక ముక్కు నిలబెట్టుకుంటుంది. బరువు 88 గ్రాములే. ఇంజిన్‌లోని మందు కాలేకొద్దీ తోక తేలికై, గరిమనాభి ఇంకా ముందుకే పోతుంది, అది మంచిదే.

ఒంటిపక్క బరువు, ఒంటిపక్క గాలి

ముందు వెనకల సంగతి తేలినా, పక్కల సంగతి మిగిలే ఉంటుంది. నౌకకు ఒకవైపే పెద్ద పళ్లెం ఉందనుకోండి, గాలి ఆ వైపే ఎక్కువగా అడ్డుకుంటుంది, నౌక అటే వంగుతుంది. గరిమనాభి ఇంజిన్ గీత మీద లేకపోయినా ఇంతే. ఒక పక్కే తెడ్డు వేసిన పడవ కృష్ణలో ఎలా తిరుగుతుందో అలా. చూడటానికి నాలుగు నాజిళ్లు కనిపించే నౌకలోనూ మధ్యలో ఒక్క ఇంజిన్ పెట్టి, మిగతావి అలంకారంగా వదిలేయడానికి కారణం ఇదే. రెండు ఇంజిన్లు పెట్టినప్పుడు ఒకటి అంటుకోకపోతే నౌక చక్రంలా తిరుగుతుంది.

కొండపల్లి కలప ఎక్కడ పనికొస్తుంది

ఈ అభిరుచి పుస్తకాలన్నీ బాల్సా కలప గురించే రాస్తాయి. విజయవాడకు దగ్గర్లోని కొండపల్లిలో బొమ్మలు చెక్కేవారు తరతరాలుగా వాడే తెల్ల పొణికి కూడా మెత్తగా, తేలికగా ఉండే కలపే. వాళ్ల పనితీరు ఈ నమూనాలకు దగ్గరగా ఉంటుంది. బొమ్మను ఒకే దిమ్మెలో చెక్కరు. కలపను వేడిచేసి తేమ తీసి, చేతులు, తల, పల్లకి విడివిడిగా చేసి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు.

అయితే ప్రతి పదార్థానికీ దాని చోటు ఉంది. ముక్కులో బరువు ఎలాగూ కావాలి కాబట్టి నిండు పొణికి ముక్కు చక్కగా నప్పుతుంది, మట్టి ముద్ద అవసరం తగ్గుతుంది. తోక దగ్గర మక్కు దట్టంగా మెత్తితే మాత్రం నష్టం. పై లెక్కలో తోకకు చేర్చిన 8 గ్రాములు గరిమనాభిని 1.3 సెంటీమీటర్లు వెనక్కి లాగాయి. గొట్టానికి బట్టల కొట్టులో మిగిలే తాను గొట్టాలు గుర్తొస్తాయి గానీ అవి చాలా బరువు. శుభలేఖలు అచ్చువేసే మందపాటి కాగితాన్ని కడ్డీకి చుట్టి జిగురుతో అతికిస్తే అందులో కొద్ది వంతు బరువుతోనే గొట్టం తయారవుతుంది. రంగు కూడా బరువేనని చాలామంది మరచిపోతారు. పూతకు ముందు, తర్వాత బంగారం తూచే చిన్న కాటా మీద పెట్టి చూస్తే తెలుస్తుంది.

అచ్చంగా ఉండాలా, ఎగరాలా?

నమూనాలు చేసేవారిలో ఇది పాత తగవు. ఒక పక్షం దృష్టిలో అసలు నౌకకు లేని తోకరెక్కలు తగిలిస్తే అది నమూనానే కాదు. ముక్కులో ఎంత బరువైనా పెడదాం, ఆకారం ముట్టుకోవద్దంటారు. ఈ మాటలో నిజాయితీ ఉంది. కానీ బరువు పెరిగేకొద్దీ ఊచ వదిలే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే గాలి కోణం పెరుగుతుంది, ఏ స్థిరత్వం కోసం బరువు పెట్టామో అదే సన్నగిల్లుతుంది. రెండో పక్షం ఎగరని నౌక బీరువాలో బొమ్మేనంటుంది. అమెరికా మోడల్ రాకెట్ పోటీల్లో బీరువాలో పెట్టుకునే ప్లాస్టిక్ నమూనాలను ఎగిరేలా మార్చే విభాగం ఒకటుంది. అందులో పారదర్శక తోకరెక్కలను అనుమతిస్తారు. పది అడుగుల దూరం నుంచి అవి కంటికి ఆనవు. తీసిపెట్టగల తోకరెక్కలు చేసుకుని, ప్రదర్శనలో తీసేసి ఎగరేసేటప్పుడు తొడిగేవారూ ఉన్నారు. నా మనసు వీరి వైపే మొగ్గుతుంది.

ఇంజిన్ మీది అంకెలు

ఫ్యాక్టరీలో చేసిన చిన్న ఇంజిన్ మీద 'సి6-3' లాంటి గుర్తు ఉంటుంది. అక్షరం మొత్తం ప్రచోదనాన్ని, అంటే బలాన్ని అది పనిచేసిన కాలంతో హెచ్చిస్తే వచ్చేదాన్ని చెబుతుంది. 'ఎ' గరిష్ఠం 2.5 న్యూటన్ సెకన్లు, 'బి' 5, 'సి' 10. అక్షరం మారిన ప్రతిసారీ రెట్టింపు. మధ్య అంకె సగటు బలం, 6 న్యూటన్లు. మన 88 గ్రాముల నౌక బరువు 0.86 న్యూటన్లు, అంటే బలం బరువుకు ఏడు రెట్లు. కనీసం ఐదు రెట్లు ఉండాలన్న నియమానికి ఇది సరిపోతుంది.

చివరి అంకె మందు కాలిపోయాక ఎన్ని సెకన్లకు పారాచూట్‌ను బయటికి నెట్టే చిన్న పేలుడు జరుగుతుందో చెబుతుంది. నౌక ఆకారాలకు గాలి అడ్డు ఎక్కువ కాబట్టి అవి త్వరగా ఆగిపోతాయి. 7 సెకన్ల ఇంజిన్ పెడితే పారాచూట్ తెరుచుకునేలోపు నౌక తలకిందులుగా దూసుకొస్తూ ఉంటుంది. అందుకే వీటికి 3 నప్పుతుంది.

పెద్ద పారాచూట్ కూడా మేలేమీ కాదు. నౌక 100 మీటర్లు ఎక్కి, సెకనుకు 4 మీటర్ల చొప్పున దిగిందనుకుంటే 25 సెకన్లు పడుతుంది. 3 మీటర్ల గాలికి అది 75 మీటర్లు కొట్టుకుపోతుంది. మన ఊళ్ల చుట్టూ ఆ దూరంలో కరెంటు తీగో, అరటితోటో, రోడ్డో తప్పక ఉంటుంది.

మందు ఇంజిన్ మన దగ్గర ఎందుకు సులువు కాదు

ఈ ఇంజిన్ల పుట్టుకకు కారణమే భద్రత. 1954లో అమెరికాలోని నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్, తన సోదరుడు రాబర్ట్‌తో కలిసి మొదటి మోడల్ రాకెట్ చేశాడు. 1957లో తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరాక పిల్లలు ఇళ్లలో సొంతంగా మందు కూరుకుని గాయపడుతున్న రోజుల్లో, ఇంజనీరు హ్యారీ స్టైన్ ఆ ఆలోచనను ప్రచారంలోకి తెచ్చాడు. మందును ఫ్యాక్టరీయే కూరాలి, పిల్లవాడు రాకెట్‌ను మాత్రమే చేయాలి, దూరం నుంచి విద్యుత్‌తోనే వెలిగించాలి అన్నవి నాటి నుంచి నేటిదాకా మారని నియమాలు.

అయినా అందులో ఉన్నది నల్ల తుపాకిమందే. మన దేశంలో పేలుడు పదార్థాలు 1884 నాటి చట్టం, 2008 నిబంధనల పరిధిలో ఉంటాయి. పేలుడు పదార్థాల భద్రతను చూసే కేంద్ర సంస్థ పెసో నాగపూర్ కేంద్రంగా లైసెన్సులు చూస్తుంది. ఫ్యాక్టరీ ఇంజిన్ టపాసులకన్నా నమ్మదగినది, పిల్లలకు దాన్ని అందుబాటులోకి తేవాలని అభిరుచి గలవారు అడుగుతారు. జనసమ్మర్దం ఎక్కువైన చోట మినహాయింపులు దుర్వినియోగమవుతాయని రెండో వైపువారి భయం. రెండింటిలోనూ పస ఉంది. ఈ మధ్య ప్రైవేటు అంతరిక్ష పనులకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఇన్-స్పేస్ కళాశాల విద్యార్థులకు మోడల్ రాకెట్ పోటీలు పెట్టడంతో, పర్యవేక్షణ కింద ఎగరేసే దారి ఒకటి తెరుచుకుంది. టపాసులు విప్పి మందు తీసి ఇంజిన్ చేసుకోవడం మాత్రం ఏ పక్షమూ ఒప్పుకోనిది. స్పుత్నిక్ రోజుల్లో పిల్లలను గాయపరిచింది ఇలా సొంతంగా మందు కూరుకోవడమే.

పిల్లలకు మిగిలిన మేలైన దారి నీటి రాకెట్. శీతల పానీయం సీసాలో కొంత నీరు, పైన పంపుతో ఎక్కించిన గాలి. మందు లేదు, నిప్పు లేదు. గరిమనాభి, పీడన కేంద్రం, తోకరెక్కల లెక్కలన్నీ దీనికీ అలాగే వర్తిస్తాయి. ఒత్తిడి పెట్టిన సీసా పగిలితే ప్రమాదమే, కాబట్టి పెద్దవాళ్లు పక్కన ఉండటం, దూరం నుంచి తాడుతో వదలడం ఇక్కడా తప్పవు.

దారం పరీక్ష ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఇంజిన్ లేకుండానే చేయగల చివరి పరీక్ష ఒకటుంది. ఎగరడానికి సిద్ధం చేసిన బరువుతోనే నౌకకు గరిమనాభి దగ్గర దారం కట్టి, జారకుండా టేపు వేసి, ఖాళీ మైదానంలో తల చుట్టూ గిరగిరా తిప్పాలి. ముక్కు ముందుకు పెట్టి తిరిగితే అది స్థిరం. అడ్డంగానో, తోక ముందుకో తిరిగితే ముక్కులో బరువు పెంచి మళ్లీ చూడాలి.

ఈ పరీక్ష కొంత కఠినం. నౌక వంపు దారిలో తిరుగుతుంది కాబట్టి ముక్కు దగ్గర, తోక దగ్గర గాలి ఒకే కోణంలో తగలదు. తిన్నగా ఎగరగల పొడవాటి నౌక కూడా దారం మీద తడబడవచ్చు. మొదట చేత్తో ముక్కును దారిలో పెట్టి, నెమ్మదిగా వదిలితే ఆ తడబాటు తగ్గుతుంది. దారాన్ని రెండు మీటర్ల కన్నా పొడవు తీసుకుంటే వంపు కూడా తగ్గుతుంది. మన 88 గ్రాముల నౌకలో ఆ పది గ్రాముల మట్టి సరిపోయిందా, ఇంకో మూడు గ్రాములు కావాలా అన్నది బారోమన్ సూత్రాలతో, అట్ట ముక్కతో పాటు ఈ దారాన్ని కూడా అడిగి తేల్చుకోవాలి.